ఇల్లరికం వెళ్ళిన బంగినపల్లి

సోన్‌పరీ అన్న మామిడి పేరు వినగానే నాకు ముచ్చిక తుంచితే చేతికి అంటుకునే సొన గుర్తొచ్చింది. గుజరాతీలో సోను అంటే బంగారమట. పేరు మాటకేం గానీ, సూరత్‌కు వేరే పనిమీద వెళ్ళిన నన్ను తోటదాకా లాక్కుపోయింది ఆ చెట్టు వంశం. తల్లి ఆల్ఫాన్సో, అక్కడివాళ్ళ మాటలో హాఫుస్. తండ్రి మన బంగినపల్లి.

లింబాయత్‌లో ఉండే బాబాయి తోడొచ్చాడు. మగ్గం పనికని కరీంనగర్ వదిలి ముప్ఫై ఏళ్ళు దాటింది. బార్డోలీ మీదుగా మహువా వైపు పోతుంటే దారికి రెండు పక్కలా చెరకే. ఆ చెరకు వెనకాల ఉంది వాడీ, అంటే తోట. ఎక్కువ కేసర్ చెట్లు, గట్టు పొడవునా పచ్చళ్ళకు పనికొచ్చే రాజాపురి. సోన్‌పరీలు ఒక్క వరసే.

"పారియా అంట్లు," అన్నాడు రైతు. వల్సాడ్ జిల్లా పారియాలోని పరిశోధన కేంద్రం ఇప్పుడు నవసారి వ్యవసాయ విశ్వవిద్యాలయానిది. ఆ విశ్వవిద్యాలయం 2004లో ఏర్పడకముందే అక్కడ ఈ సంబంధం కుదిరింది. హాఫుస్‌కు అందరూ ఎరిగిన లోపం ఒకటుంది. పైకి నిగనిగలాడుతుంది, కోస్తే టెంక పక్కన కండ తెల్లగా, బెండులా, పుల్లగా ఉంటుంది. పైగా ఒక ఏడు విరగకాసి మరుసటేడు అలుగుతుంది. బంగినపల్లిదేమో పెద్ద కాయ, పలచని తొక్క, పీచులేని కండ.

పెళ్ళి చేయడం మాత్రం సులువు కాదు. తల్లి మొగ్గ విచ్చకముందే కేసరాలు గిల్లేసి, తండ్రి పుప్పొడి అద్ది, పూతకు సంచి కట్టాలి. ఎన్నో పూలకు ఇలా చేస్తే నిలిచే పిందెలు కొన్నే. వాటి టెంకలు నాటి, కాపుకొచ్చేదాకా ఏళ్ళ తరబడి ఆగి, రుచి చూసి ఏరాలి. నచ్చిన చెట్టు దొరికాక ఇక అంట్లే గతి. పారియావాళ్ళు నీలానికీ మనవాణ్ణే ముడిపెట్టి నీలేశాన్ గుజరాత్ తీశారు. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని మనం సంబరపడేనాటికి వాడి సంతానం ఇక్కడ కాపుకొచ్చేసింది.

రైతు ఇంట్లో పూరీలు, గిన్నెనిండా మామిడి రసం, పైన నెయ్యి, సొంఠిపొడి. నేను చాకు అడిగాను. బంగినపల్లిని పిండుకోవడం మా ఇంటా వంటా లేదు, అది కోత మామిడి. రైతు నవ్వి, గడ్డిలో మాగిన పండొకటి తెచ్చిచ్చాడు. చెక్క నున్నగా తెగింది. వాసన చూస్తే అచ్చం హాఫుస్. నమిలితే కండకు కాస్త బిగువుంది, అక్కడ తండ్రి కనబడ్డాడు. కానీ చివర్లో నాలుక మీద నిలిచే బంగినపల్లి చిరుపులుపు కోసం రెండో చెక్క, మూడో చెక్క తిన్నా నాకు దొరకలేదు. మంచి పండు, కాదనను. ఇంటికి రెండు బుట్టలు కొనమంటే మాత్రం నా డబ్బు కేసర్‌కే పోతుంది.

బాబాయి టెంక చీకుతూ తీర్పిచ్చాడు. "ఒడ్డూ పొడుగూ అయ్యదిరా. నోరంత అవ్వదే."

టెంక నాటితే ఇదే పండు రాదని రైతు చెబుతూనే ఉన్నాడు. అయినా బాబాయి దాన్ని కడిగి రుమాల్లో కట్టుకున్నాడు. లింబాయత్‌లో వాళ్ళుండేది మూడో అంతస్తు. ఎక్కడ పెడతావని అడిగితే, "పెయింట్ డబ్బా ఉన్నది," అన్నాడు.