మాటలు మిగిలిన ఊరు

మేం విదేశం పోతున్నామంటే ఎదుటివాళ్లు అడిగేవి రెండే ప్రశ్నలు. హజ్జుకా? దుబాయికా? మొదటిది దేవుడి పని, రెండోది కూలి పని. సాయిబులు ఊరు చూడ్డానికి, అక్కడి తిండి రుచి చూడ్డానికి సొంత డబ్బు ఖర్చుపెట్టుకుని పోతారన్న సంగతి ఎవరికీ తట్టదు. ఇటలీకి దక్షిణాన సిసిలీ అని ఒక దీవి, అందులో పాలెర్మో అని ఒక ఊరు, అక్కడికి పోతున్నాం అని చెబితే మా గల్లీలో ఒక పెద్దమనిషి కాసేపు ఆలోచించి 'అక్కడ దర్గా ఏమన్నా ఉందా భాయ్?' అన్నాడు. అప్పుడు నవ్వుకున్నాం. అక్కడ కొండమీది గుహలో సంతా రొజాలియా అనే పుణ్యస్త్రీ గుడి చూశాక ఆయన ప్రశ్నలో నవ్వాల్సిందేం లేదనిపించింది. మొక్కులు, కట్టిన కానుకలు, కొవ్వొత్తులు, పిల్లల్ని ఎత్తుకొచ్చిన తల్లులు. శ్రీలంక నుంచి వచ్చి స్థిరపడ్డ తమిళ హిందువులు కూడా ఆ కొండెక్కి మొక్కుకుంటారు. మన దర్గాల దగ్గర కనపడేది ఇదే కదా.

రోమ్‌నుంచి రైలెక్కాం. సముద్రం దగ్గరికొచ్చాక ఆ రైలు ఓడెక్కింది. పెట్టెలు విడదీసి ఓడ కడుపులోకి తోసి, అవతలి ఒడ్డున మెస్సీనాలో దించి మళ్లీ జతచేస్తారు. ఈ వింత కోసమైనా పోవచ్చు.

పాలెర్మోని 831లో ముట్టడించి అరబ్బులు గెలిచారు. 1072లో ఉత్తరాది నుంచి దిగిన నార్మన్లు వాళ్లని ఓడించారు. అంటే రెండువందల నలభై ఏళ్లు. దాని తరవాత వందేళ్లు మాత్రం చరిత్రలో అరుదుగా కనిపించే సంగతి ఒకటి జరిగింది. గెలిచిన క్రైస్తవరాజులు ఓడిపోయినవాళ్ల భాషని దఫ్తర్‌లోంచి తీసెయ్యలేదు. రెండో రోజర్ రాజు వేసుకున్న ఎర్రటి పట్టు అంగీ ఇప్పుడు వియన్నాలో ఉంది. దాని అంచు పొడవునా బంగారు దారంతో అరబ్బీ రాసి ఉంటుంది, సంవత్సరం హిజ్రీ 528. ఆయన అడిగితేనే అల్ ఇద్రీసీ అనే ముస్లిం పండితుడు 1154లో ప్రపంచ భూగోళ గ్రంథం పూర్తి చేశాడు. ఆయన కోటలోని చిన్న చర్చి చూశాం. గోడలమీద గ్రీకు పనివాళ్ల బంగారు మొజాయిక్ బొమ్మలు. తలెత్తితే తేనెపట్టులాగా గూళ్లుగూళ్లుగా చెక్కిన చెక్క కప్పు, దానిమీద అరబ్బీ అక్షరాలు, వాద్యాలు వాయించేవాళ్లు, చదరంగం ఆడేవాళ్లు, ఒంటెలు. చర్చి కప్పుమీద ఒంటె! మెడ పట్టేసేదాకా చూశాం.

జీజా అని ఇంకో మహలుంది. అల్ అజీజ్ అన్న మాటే అరిగి జీజా అయ్యింది. హాలు మధ్యలోంచి నీళ్లు పారడానికి రాతిలో కాలవ చేశారు, ఎండాకాలం చల్లదనానికి. అక్కడి మ్యూజియంలో ఒక సమాధి రాయి చూశాం. 1149 నాటిది. అన్నా అనే ఆవిడ చనిపోతే ఆవిడ కొడుకు, చర్చి పూజారి, వేయించిన రాయి. అందులో అదే సమాచారం నాలుగు రకాలుగా ఉంది: లాటిన్, గ్రీకు, అరబ్బీ, యూదుల లిపిలో రాసిన అరబ్బీ. తారీఖులు కూడా ఎవరి లెక్కన వాళ్లకి. ముస్లింలకి హిజ్రీ, యూదులకి వాళ్ల సృష్ట్యాది లెక్క. తన తల్లి పోయిందన్న సంగతి ఊళ్లో అందరికీ, ఎవరికి తెలిసిన అక్షరాల్లో వాళ్లకి చెప్పాలనుకున్నాడు ఆ కొడుకు. ఆ రాయి ముందు మేం చాలాసేపు నిలబడ్డాం. మా ఇంట్లో మరణవార్త ఉర్దూ పేపరుకి ఒకటి, తెలుగు పేపరుకి ఒకటి రాసుకున్నవాళ్లం కాబట్టి.

ఇక తిండి. బల్లరో అని ఊరి మధ్యలో పాత బజారు. ఆ పేరు దగ్గర్లోని ఒక పల్లె పేరు నుంచి వచ్చిందంటారు. కాదు, 'బల్హరా' నుంచి వచ్చిందని ఇంకొందరు. బల్హరా అంటే మన దక్కన్ రాజుకి అరబ్బు యాత్రికులు పెట్టుకున్న పేరు, వల్లభరాజు అన్నమాట. ఆ రాజు మాన్యఖేటం, అదే నేటి మల్ఖేడ్, ఒకప్పటి హైదరాబాద్ రాజ్యంలోనిది. మసాలా దినుసులు అటునుంచి వచ్చేవి కాబట్టి బజారుకి ఆ పేరు అని వాదన. నమ్మాలని ఎంత ఆశగా ఉన్నా మేం మొదటిదాన్నే నమ్ముతాం. ప్రతి ఊళ్లోనూ మన పూర్వీకుల ముద్ర వెతుక్కునే జబ్బు ఇప్పటికే దేశంలో చాలామందికుంది.

బల్లరోలో కూరగాయలమ్మేవాళ్లు రాగం తీసి అరుస్తారు. పక్కనే సముద్రపు చేప, ఆలివ్ కాయలు, ఎండబెట్టిన టమాటా ముద్ద. మేం నేర్చుకున్న మొదటి ఇటాలియన్ మాట 'మయాలే', పంది. ప్రతి బండి దగ్గరా వేలు చూపించి 'మయాలే?' అని అడగడం, వాళ్లు తల అడ్డంగా ఊపితే తినడం. మన దగ్గర ఎదుటివాళ్లు మమ్మల్ని 'మీరు అది తింటారు కదా' అని అడుగుతారు. అక్కడ అడిగేవాళ్లం మేమే. ఎవరూ మొహం చిట్లించలేదు. ఒక ముసలాయనైతే మా కోసం పక్క బండివాణ్ణి కేకేసి కనుక్కుని మరీ చెప్పాడు.

మాకు బాగా కుదిరింది పనెల్లె. శనగపిండిని నీళ్లలో కలిపి, పొయ్యిమీద గట్టిపడేదాకా తిప్పి, కొత్తిమీరలాంటి ఆకు వేసి, పలచగా పరిచి, చల్లారాక ముక్కలు కోసి నూనెలో వేయిస్తారు. నువ్వులద్దిన బన్నులో పెట్టి నిమ్మకాయ పిండి చేతికిస్తారు. మిర్చిబజ్జీలోంచి మిర్చి తీసేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుందని మా ఇద్దర్లో ఒకరన్నారు. రెండోవాళ్లు ఒప్పుకోలేదు. అరబ్బుల కాలం నుంచి వచ్చిన తిండి అని అక్కడివాళ్లే చెబుతారు. వంకాయ ముక్కల్ని వేయించి సిర్కా, చక్కెర, టమాటాతో వండే కపొనాత నోట్లో పెట్టుకుంటే బగారా బైంగన్‌కి దూరపు చుట్టం. నారింజపండంత ఉండలు, జాఫ్రాన్ రంగు అన్నంలో కైమా పెట్టి వేయించినవి. కైమాలో ఏముందో తేలక బఠానీ, చీజు పెట్టినవే తిన్నాం. కస్సాతా అనే మిఠాయి పేరు అరబ్బీ 'ఖస్అ' నుంచి వచ్చిందని పండితులంటారు, వెడల్పాటి గిన్నె అని. చెరకు, నిమ్మ, పుల్ల నారింజ ఆ దీవికి తెచ్చింది అరబ్బులే. కస్సాతా మాత్రం మాకు మరీ తీపి, ఖుబానీ కా మీఠా తినేవాళ్లకే మరీ తీపి అంటే అర్థం చేసుకోండి.

ఉల్లిపాయ గురించి ఒక మాట. 973లో ఇబ్న్ హౌఖల్ అనే బాగ్దాదు యాత్రికుడు ఈ ఊరొచ్చాడు. మూడువందలకు పైగా మసీదులున్నాయని రాశాడు. ఊరివాళ్లంతా పొద్దూమాపూ పచ్చి ఉల్లిపాయలు తిని బుర్ర పాడుచేసుకున్నారని కూడా రాశాడు. ముస్లింలని తిట్టినవాళ్లలో ముస్లింలే ముందుంటారన్నమాట! ఉల్లిపాయ, టమాటా దట్టంగా పరిచి కాల్చిన స్ఫించోనే రొట్టె తింటూ ఆయన్ని తలుచుకున్నాం.

అన్నిట్లోకీ ఆలోచనలో పడేసింది మేం తినని తిండి. 'పానే కా మేవుజా' అని దూడ ప్లీహం, ఊపిరితిత్తులు ఉడికించి వేయించి బన్నులో పెట్టిచ్చేది. ఇది యూదు కసాయిల తిండని చెబుతారు. జంతువుని కోసినందుకు డబ్బు తీసుకోవడం వాళ్ల ధర్మం ఒప్పుకోదు, అందుకని కూలి కింద లోపలి మాంసం తీసుకుని, వండి అమ్ముకునేవాళ్లట. 1492లో స్పెయిన్ రాజు తన ఏలుబడిలోని యూదులందర్నీ వెళ్లగొట్టమన్నాడు. సిసిలీ యూదులూ పోయారు. తిండి ఉండిపోయింది. ఇప్పుడు దాన్ని వేయించేది పంది కొవ్వులో.

ఇది చదివాక మేం బజారులో వినపడే మాటల్ని ఇంకోరకంగా వినడం మొదలుపెట్టాం. సిసిలీ భాషలో బీదవాణ్ణి, పాపం అనిపించేవాణ్ణి 'మిస్కీను' అంటారు. అచ్చం మా నానీమా అన్నట్టే. శవపేటిక 'తబ్బూతు', మన తాబూతే. నీటి ఊట పేరు 'ఫవారా', మనం ఫవ్వారా అంటాం. నీళ్లతొట్టి 'జెబ్బియా', నారింజపువ్వు 'జగారా', నువ్వులు 'జుజ్జులేనా', అన్నీ అరబ్బీ వేళ్లున్నవే. ఊరి పెద్దవీధి 'కస్సారో', అంటే అల్ ఖస్ర్, కోట. ఇంత భాష ఉంది. దాన్ని అక్కడికి తెచ్చినవాళ్లు?

1184 చివర్లో హజ్జునుంచి తిరిగొస్తూ ఇబ్న్ జుబైర్ అనే స్పెయిన్ ముస్లిం ఓడ దెబ్బతిని ఈ దీవికి చేరాడు. అప్పటికి నార్మన్ల రాజ్యం వచ్చి వందేళ్లు దాటింది. పాలెర్మోలో అజాన్ వినపడుతోందని, క్రిస్మస్ నాడు క్రైస్తవ స్త్రీలు ముస్లిం స్త్రీల్లాగే ముసుగేసి, మెహందీ పెట్టుకుని చర్చికి పోతున్నారని ఆశ్చర్యంగా రాసుకున్నాడు. అక్కడితో ఆపితే ఎంత బాగుండు. సిసిలీ ముస్లిం ఒకాయన ఆ హాజీల్లో ఒకరికి కబురు పెట్టిన సంగతీ రాశాడు: నా కూతుర్ని నీతో తీసుకుపో, కావాలంటే నువ్వే పెళ్లి చేసుకో, లేదా నీకు నచ్చినవాడికిచ్చి చెయ్యి, ఇక్కణ్ణుంచి మాత్రం తీసుకుపో అని. ఆ పిల్ల తండ్రినీ అన్నదమ్ముల్నీ వదిలిపోవడానికి ఒప్పుకుంది. పైకి అజాన్ ఉంది, దర్బారులో ముస్లిం అధికారులున్నారు. ఒక తండ్రికి మాత్రం గాలి ఎటు తిరుగుతుందో తెలిసిపోయింది.

1189లో రాజు చనిపోగానే పాలెర్మోలో ముస్లింల మీద దాడులు. కొండల్లోకి పారిపోయారు, తిరగబడ్డారు. 1220ల నుంచి ఫ్రెడరిక్ చక్రవర్తి వాళ్లని వేలసంఖ్యలో ఇటలీ లోపలి లుచేరా అనే ఊరికి తరలించాడు. ఆయన స్వయంగా అరబ్బీ శాస్త్రాలంటే ఇష్టపడ్డవాడు. అభిమానం వేరు, తరలింపు వేరు. 1300లో అప్పటి రాజు లుచేరాని కూడా నాశనం చేసి మనుషుల్ని బానిసలుగా అమ్మేశాడు. దాంతో అయిపోయింది.

మేం భయపడేది దీనికే. హైదరాబాద్ హలీమ్‌కి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బిర్యానీ తిననివాడు లేడు. తెలుగులోంచి రోజు, ఖర్చు, జేబు, దుకాణం, జిల్లా, హాజరు, బాకీ, రాజీనామా తీసేస్తే కోర్టూ నడవదు, కాపురమూ నడవదు. 2017లో తెలంగాణ అంతటా ఉర్దూ రెండో అధికార భాష అయ్యింది. అన్నీ నిజమే. కానీ పేరు చెప్పగానే 'ఇల్లు వేరేవాళ్లకి మాటైపోయిందండీ' అన్న ఓనరుని మేం మూడుసార్లు చూశాం. మా వంట నచ్చి, మా మాట అవసరమై, మేం మాత్రం పక్కింట్లో వద్దనుకునేవాళ్లకి పాలెర్మో ఒకసారి చూపించాలి. మా తిండి మిగిలినంత మాత్రాన మేం మిగిలినట్టు కాదు.

ఆ ఊరి పెద్ద చర్చి, కెథడ్రల్, దక్షిణ మంటపంలో ఒక స్తంభంమీద ఖురాన్ ఆయత్ చెక్కి ఉంది, సూరె ఆరాఫ్‌లోది. 831లో గెలిచినవాళ్లు అక్కడి చర్చిని మసీదు చేశారు. 1072లో గెలిచినవాళ్లు మసీదుని చర్చి చేశారు. రెండూ గెలుపు మదంతో చేసినవే; మొదటిది మావాళ్లు చేశారని మేం వెనకేసుకు రాం. 2020లో ఇస్తాంబుల్‌లో ఆయా సోఫియా మ్యూజియాన్ని మళ్లీ మసీదు చేసినప్పుడు సంబరపడ్డవాళ్లు మాలోనూ ఉన్నారు. 1992 డిసెంబర్ 6 చూసినవాళ్లకి అందులో సంబరం ఎక్కడ దొరికిందో మాకు తెలీదు. ఆ స్తంభాన్ని మాత్రం ఎవరూ పీకెయ్యలేదు. అదే ఊళ్లో సాన్ పావొలీనో అనే పాత చర్చిని ఇప్పుడు మసీదుగా వాడుకోనిచ్చారు. అరబ్బు-నార్మన్ కట్టడాలని 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పాత యూదుపేట వీధుల పేర్లు ఇటాలియన్, హీబ్రూ, అరబ్బీల్లో రాసి పెట్టారు. లేనివాళ్లకి బోర్డులు!

అయితే ముస్లింలు మళ్లీ వచ్చారు, ఏలడానికి కాదు, కూరగాయలమ్మడానికి. బల్లరో చుట్టుపక్కల బంగ్లాదేశీలు చాలామంది. ఒక హలాల్ దుకాణంలో పప్పు, పచ్చిమిర్చి చూసి ప్రాణం లేచొచ్చి లోపలికి పోయాం. దుకాణదారు మా ఉర్దూ విని తన విరిగిన హిందీలో మాట్లాడాడు.

'కహాఁసే, భాయీసాబ్?'

'హైదరాబాద్.'

'పాకిస్తాన్‌వాలా?'

'నై భాయ్, హిందుస్తాన్‌వాలా.' ఇది చెప్పుకోవడం మాకు కొత్త కాదు, కాకపోతే ఇక్కడ అడిగినాయన గొంతులో అనుమానం లేదు.

పదకొండేళ్ల కొడుకు గల్లాపెట్టె దగ్గర కూర్చుని హోమ్‌వర్కు చేస్తున్నాడు. అక్కడే పుట్టాడు. పద్దెనిమిదేళ్లు నిండేదాకా అక్కడే ఉండి, నిండాక పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవాలి. తండ్రి పెట్టుకోవాలంటే పదేళ్ల నివాసం చూపాలి. దాన్ని ఐదేళ్లకి తగ్గించాలని 2025 జూన్‌లో ఇటలీలో రిఫరెండం పెట్టారు. సగంమంది కూడా ఓటుకి రాక అది చెల్లలేదు. 'కాగితాలు, భాయీసాబ్, అంతా కాగితాలు' అన్నాడాయన. 2019లో మా ఇళ్లల్లో తాత పుట్టిన తారీఖు కోసం ట్రంకుపెట్టెలు దులిపిన సంగతి చెప్పాం. ఇద్దరం నవ్వుకున్నాం.

అంతలో ఒక ముసలమ్మ వచ్చి అల్లం అడిగింది. చిల్లర తక్కువైంది. పిల్లాడు పర్వాలేదన్నట్టు చెయ్యూపి పంపేసి, తండ్రివైపు తిరిగి ఏదో అన్నాడు. మాకు అందులో ఒక్క మాటే అర్థమైంది, మిస్కీన. ఆ మాట వాడికి ఇంట్లో బెంగాలీలోంచి వచ్చిందో, బజారులో సిసిలీ భాషలోంచి వచ్చిందో అడుగుదామనుకున్నాం. వాడు అప్పటికే లెక్కల్లో మునిగిపోయాడు.