చేపకి అమ్మవారు

ధనుర్మాసపు చలికి మనుషులకి జలుబు చేస్తుంది. అద్దాల తొట్టిలో వున్న బంగారు చేపలకి అమ్మవారు పోస్తుంది. అమ్మవారన్న మాట నాది కాదు, ఆరేళ్ళ మా మనవరాలిది.

వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటే తిరుపతిలో చల్లనీళ్ళ చేపని సాకడమే ఒక సాహసం. చైనాలో వెయ్యేళ్ళ క్రితమే ఇంటిచేపగా మారిన యీ బంగారు చేప, 18 మొదలు 24 డిగ్రీల నీళ్ళలో సుఖంగా వుంటుంది. ఎండ తగలని నడవలో పెట్టి, పైన మూత తీసి, గాలిబుడగలు ఆడిస్తూ వేసవి గట్టెక్కించాం. వేసవిలో రాని ఆపద చలికాలంలో వచ్చింది.

మా తొట్టి 60 లీటర్లది. అందులో నాలుగు చేపలు. ముసురు పట్టిన వారంలో మా అల్లుడు అయిదోదాన్ని కొనుక్కొచ్చి వేశాడు. నాలుగు రోజులకల్లా చేపలు గులకరాళ్ళకి ఒళ్ళు రాసుకోవడం మొదలుపెట్టాయి. ఆరో రోజున తోకల మీద, రెక్కల మీద ఉప్పురవ్వల్లాంటి తెల్లచుక్కలు కనిపించాయి.

"తాతా, చేపకు అమ్మవారు పోసినాదా?" అంది పిల్ల.

మా ఆవిడ వేపమండ తెచ్చి తొట్టి పక్కన కట్టింది. మత్స్యావతారంలో వెలసిన నాగలాపురం వేదనారాయణస్వామికి మొక్కుకుంది. చేపకి కష్టం వస్తే చెప్పుకోదగ్గ దేవుడు మరొకడెవడు? ఆ రాత్రే కొత్త చేప పోయింది. మర్నాడు పాతవాటిలో ఒకటి పోయింది. పిల్ల అన్నం ముట్టడం మానేసింది.

జంతుశాస్త్రం చదివిన మా మేనల్లుడు సూక్ష్మదర్శిని పట్టుకొచ్చాడు. అప్పుడే చచ్చిన చేప తోక అంచు గీకి చూపించాడు. గుండ్రటి జీవి ఒకటి మెల్లిగా గిర్రున తిరుగుతోంది. దాని కడుపులో గుర్రపు నాడా ఆకారం. ఒళ్ళంతా ఒకే కణం! దాని పేరు ఇక్థియోఫ్థిరియస్ మల్టీఫిలిస్. బహుసంతానం గల చేపపేను అని అర్థం. పేరుకే పేను గాని, పేనుకీ దీనికీ చుట్టరికం లేదు.

ఆ పేరులోనే దాని కుట్ర అంతా వుంది. చుక్కగా కనిపించేటప్పుడు ఆ జీవి చేప చర్మం కింద దాగి వుంటుంది. ఏ మందూ దాన్ని అంటదు. కడుపు నిండాక రాలి అడుగున పడుతుంది. చుట్టూ గూడు కట్టుకుని ఒకటి రెండై, రెండు నాలుగై, వందల పిల్లలవుతుంది. ఆ పిల్లలు నీళ్ళలో ఈదుతూ మళ్ళీ చేపని వెతుక్కుంటాయి. రెండు మూడు రోజుల్లో దొరక్కపోతే చస్తాయి. మందుకి చిక్కేది ఆ ఈదే సమయంలోనే. వెచ్చటి నీళ్ళలో యీ చక్రం వారం లోపున తిరుగుతుంది, చల్లటి నీళ్ళలో వారాల తరబడి సాగుతుంది.

"కాబట్టి మామా, కల్లుప్పు వేద్దాం," అన్నాడు.

"ఉప్పేస్తే పులుసైతాది గాని బతుకుతాదా?" అంది మా ఆవిడ.

లీటరుకి 3 గ్రాముల లెక్కన 180 గ్రాములు తూచాం. ఒక్కసారిగా కాక, మూడు పాళ్ళు చేసి, రెండు రోజుల్లో కరిగించి పోశాం. రెండు రోజులకొకసారి రబ్బరు గొట్టంతో అడుగు నీళ్ళు 15 లీటర్లు లాగి పారబోసి, ఒక రోజు నిలవ వుంచిన నీళ్ళు అంతే పోసి, పోయిన ఉప్పుకి బదులు 45 గ్రాములు కలిపాం. అడుగున రాలిన గూళ్ళు చాలా భాగం ఆ నీళ్ళతోనే పోతాయి. చేపల మొప్పలకి కూడా యీ తెగులు పడుతుంది గనుక ఊపిరికి యిబ్బంది రాకుండా గాలిబుడగలు రాత్రీ పగలూ ఆడించాం.

అయిదో రోజున చుక్కలన్నీ మాయమయ్యాయి! పిల్ల చప్పట్లు కొట్టింది. మా ఆవిడ నాగలాపురం బస్సుల వేళలు కనుక్కుంది. యింక ఉప్పు చాలన్నారు అందరూ.

మేనల్లుడు ఒప్పుకోలేదు. "చుక్కలు పోవడమంటే శత్రువు చావడం కాదు, చేపను వదిలి నీళ్ళలోకి దిగడం. అసలు యుద్ధం యిప్పుడే," అన్నాడు. మరో పది రోజులు అదే పని చేశాం. మళ్ళీ చుక్క కనపడలేదు. మూడు చేపలూ దక్కాయి. పిల్ల అన్నానికి కూర్చుంది.

మనుషుల మశూచిని ప్రపంచం నుంచి వెళ్ళగొట్టామని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. చేపల అమ్మవారు మాత్రం తొట్టి నుంచి తొట్టికి తిరుగుతూనే వుంది. యిప్పుడు మా యింట్లో కొత్త చేప వస్తే మూడు వారాలు వేరే గంగాళంలో కాపురం. ఆ చట్టం మనవరాలు చేసింది. అల్లుడికి కూడా మినహాయింపు లేదు.

జ్వరం దిగగానే మందుసీసా అటక మీద పెట్టేసే వాళ్ళం మనం. కంటికి కనపడే రోగానికి వైద్యం చెయ్యడం సులువే. కనపడకుండా పోయిన తర్వాత కూడా పది రోజులు చెయ్యి ఆపకుండా వుండడమే కష్టం. ప్రాణాలు దక్కేది ఆ పది రోజుల్లోనే.