ఒక ఆట - ఒక బేరం

కంప్యూటరు ఆటల గురించి ఈ పత్రికలో రాయవలసి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. అవి పిల్లల చదువు పాడుచేసే వ్యసనమనీ, పెద్ద పెట్టుబడిదారులు యువకుల తీరిక వేళను కూడా డబ్బుగా మార్చుకునే సాధనమనీ నా అభిప్రాయం. ఆ అభిప్రాయంలో నిజం లేదని ఇప్పుడూ అనను. అయితే వస్తువును చూడకుండా తీర్పు చెప్పరాదని సాహిత్యం విషయంలో గట్టిగా వాదించే నేను, ఈ విషయంలో మాత్రం చూడకుండానే తీర్పు చెప్పేశాను.

ఈ లోపాన్ని ఎత్తి చూపినవాడు నా విద్యార్థి. బి.యస్సీ. చదువుతూ తెలుగు రెండో భాషగా తీసుకున్న కుర్రవాడు. ఆవేళ క్లాసులో 'కన్యాశుల్కం' చెప్పాను. సామాను కొనిపెడతానని పూటకూళ్ళమ్మ దగ్గర ఇరవై రూపాయలు తీసుకుని గిరీశం ఎగ్గొట్టిన సంగతి వచ్చేసరికి క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. అప్పుడు, మోసాన్ని చూసి మనకు నవ్వు ఎందుకు వస్తున్నదన్న ప్రశ్న వేసి, మోసపోయింది మనం కాదు గనకా, మోసగించింది కూడా మనం కాదు గనకా అని జవాబు నేనే చెప్పాను. గంట కొట్టాక ఆ కుర్రవాడు నా వెనకాలే వచ్చాడు.

"గిరీశం చేసిన పని మనమే చెయ్యవలసివచ్చే కథ ఒకటుంది సార్. నేను పుట్టకముందుది. చూస్తారా?"

"ఆటేనా?"

"ఆటే. చదవకుండా విమర్శించేవాళ్ళను మీరే తిడతారు గదా సార్!"

దానికి జవాబు లేదు. ఆ విధంగా 1985లో వచ్చిన 'అల్టిమా' నాలుగో భాగం, 'క్వెస్ట్ ఆఫ్ ది అవతార్' అనే ఆట నా ఇంటికి వచ్చింది.

దీన్ని తయారుచేసిన రిచర్డ్ గారియట్ ఇంగ్లండులో పుట్టి అమెరికాలోని టెక్సాస్‌లో పెరిగినవాడు. ఆపిల్ టూ అనే ఆనాటి చిన్న కంప్యూటరు కోసం రాశాడు. బొమ్మలు చూస్తే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. ప్రపంచమంతా చిన్నచిన్న గళ్ళు: నిలువునా 256, అడ్డంగా 256. పచ్చని గడి గడ్డి, నీలపు గడి నీరు. మనిషి అంటే అగ్గిపుల్లలు పేర్చినట్టుండే ఒక గుర్తు. ఎవరినైనా పలకరించాలంటే మాటను టైపు చెయ్యాలి. పేరు అడగవచ్చు, వృత్తి అడగవచ్చు, ఆరోగ్యం అడగవచ్చు. వాళ్ళు చెప్పిన దానిలోంచి ఒక మాట పట్టుకుని మళ్ళీ అడగవచ్చు. పల్లెలో కొత్త మనిషిని రచ్చబండ దగ్గర కూచోబెట్టి ఆరా తీసినట్టే వుంటుంది.

అంతకుముందు వచ్చిన ఇటువంటి ఆటలన్నిటిలో కథ ఒకటేనట. ఎక్కడో ఒక దుష్టుడుంటాడు. వాణ్ణి చంపాలి. చంపటానికి బలం కావాలి, బలానికి డబ్బు కావాలి, డబ్బుకు దొంగతనమూ హత్యా దగ్గర దారులు. తన మూడో ఆటను జనం ఆడే పద్ధతి చూసి గారియట్‌కు మనసులో గుచ్చుకున్నది. గెలవటం కోసం అమాయకులైన వూరివాళ్ళను సైతం చంపి దోచుకుంటున్నారు. అందుచేత నాలుగో ఆటలో దుష్టుణ్ణే తీసేశాడు. ఆడేవాడు నిజాయితీ, కరుణ, శౌర్యం, న్యాయం, త్యాగం, గౌరవం, ఆధ్యాత్మికత, వినయం అనే ఎనిమిది గుణాలు సాధించాలి. సాధించినవాడు 'అవతారం' అవుతాడు.

ఈ మాట దగ్గర కొంచెం ఆగవలసి వుంది. మన పురాణాల్లో అవతారం అంటే దిగి రావటం. దేవుడు మనిషిగా దిగుతాడు. ఈ ఆటలో మనిషి ఎక్కుతాడు. మాట మనదే, దిశ మాత్రం తిరగబడింది. పైనించి ఎవరో వచ్చి వుద్ధరిస్తారని కూచోకుండా మనిషే ఎక్కాలనటం నాకు నచ్చింది. కాని "ఏమిట్రా ఈ అవతారం?" అని అద్దం ముందు నన్ను నేనే అడుక్కోవలసిన గతి ఈ ఆట వల్లనే పడుతుందని అప్పుడు తెలియదు.

ఆట ఆరంభంలో ఒక జిప్సీ స్త్రీ ఏడు ప్రశ్నలు వేస్తుంది. ప్రతి ప్రశ్నలోనూ రెండు మంచి గుణాలకు పోటీ. ఉదాహరణకు, ఎవరిదో డబ్బుసంచీ నీకప్పగించారు, అందులో ఎంతుందో లెక్కపెట్టలేదు. దారిలో బిచ్చగాడు ఎదురయాడు. సంచీ ఉన్నదున్నట్టు చేరవేస్తావా, తెలియదు గదా అని ఒక నాణెం తీసి అతనికిస్తావా? నేను తడుముకోకుండా బిచ్చగాడికిచ్చాను. ఇంకొకరి సొమ్ముతో కరుణ చూపటం ఎంత సులభమో అప్పుడు నాకు తోచలేదు. కరుణ పోటీలో వున్న మిగతా ప్రశ్నల్లోనూ అదే గెలిచింది. కరుణ గలవాడికి ఆట ఇచ్చే వృత్తి గాయకుడు. తెలుగు మాష్టారికి తగిన వేషమేనని సంతోషించాను.

ఆ రాజ్యంలో మంత్రాలకు కావలసిన దినుసులు అమ్మే దుకాణాలున్నాయి. వెల్లుల్లి, జిన్సెంగు వేరు, గంధకపు బూడిద వగైరా. అమ్మే ఆమెకు చూపు లేదు. సరుకు ఇచ్చి, ఇంత అయిందని చెబుతుంది. ఎంత ఇస్తావో ఆ అంకె నువ్వే వెయ్యాలి. ఎంత వేసినా తీసుకుంటుంది.

మొదటిసారి సరిగానే ఇచ్చాను. రెండోసారి నా దగ్గర డబ్బు తక్కువగా వుంది. ఒక్క నాణెం ఇచ్చి చూశాను. ఏమీ జరగలేదు. భటులు రాలేదు, గంట మోగలేదు. ఆమె మామూలుగానే ఇంకేం కావాలని అడిగింది. ఆ తర్వాత మూడుసార్లో నాలుగుసార్లో అదే పనిచేశాను. యంత్రంలోని మనిషి గదా, ఆమెకు ఆకలా దప్పా అనుకున్నాను. అంతేకాదు, ఆట లోటుపాటు కనిపెట్టానని కొంచెం గర్వం కూడా కలిగింది. మరోవంక ఒక వూళ్ళో బిచ్చగాడికి ఒక్కొక్క నాణెం చొప్పున దానం చేస్తూ వచ్చాను. దానం వల్ల కరుణ పెరుగుతుందని మా కుర్రవాడు చెప్పివున్నాడు.

నాలుగు రోజుల తర్వాత రాజుగారి కోటలో హాక్‌విండ్ అనే ద్రష్టను కలుసుకున్నాను. ఏ గుణంలో నీ నడత ఎట్లా వున్నదో అతను చెబుతాడు. కరుణ గురించి అడిగితే బాగానే మెచ్చుకున్నాడు. నిజాయితీ గురించి అడిగాను. నేను దొంగననీ, ఎన్నటికీ అవతారాన్ని కాలేననీ అన్నాడు.

ఆట లోపల ప్రతి గుణానికీ ఒక అంకె వుంది. దాన్ని మనకు చూపించదు. చూపులేని ఆమెను మోసగించినప్పుడల్లా నిజాయితీ, న్యాయం, గౌరవం మూడూ తగ్గుతాయి. ఎవరూ చూడటం లేదనుకున్న చోటనే లెక్క రాసుకున్నారు. నలభై ఏళ్ళ కిందటి యంత్రం ఆ మాట అనేసరికి నా చెవులు వేడెక్కాయి. ఎందుకు వేడెక్కాయో తెలుసుకోవటానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ దుకాణానికి నేను అంతకుముందే ఒకసారి వెళ్ళివున్నాను.

ఎం.ఏ. చదివే రోజుల్లో ఆదివారాలు హైదరాబాదు ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కోసం తిరిగేవాణ్ణి. అక్కడ ఒక ముసలాయన పుస్తకాలను లావును బట్టి ధర చెప్పి అమ్మేవాడు. తెలుగు మాట్లాడేవాడు గాని చదవటం రాదు. ఒక ఆదివారం ఆయన గుట్టలో ఒక కవితాసంపుటి దొరికింది. చాలా పాతది, మొదటి ముద్రణ. దాని విలువేమిటో నాకు తెలుసు. గుండె కొట్టుకుంటున్నా మొహం మామూలుగా పెట్టి, దాన్ని రెండు పనికిరాని పుస్తకాల మధ్య దూర్చి, "చాచా, ఈ మూడూ ఎంత?" అన్నాను. నలభై అన్నాడు. అట్టలు చిరిగినవి గదా అని బేరమాడి ఇరవైకి తెచ్చాను. మిగతా రెండూ బస్సులోనే వదిలేశాను.

ఈ కథను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు. మిత్రుల దగ్గర, సభలకు వెళ్ళే రైళ్ళలో, క్లాసులో కూడా. పుస్తకాల మీద నాకున్న ప్రేమకు దాన్ని నిదర్శనంగా చెప్పేవాణ్ణి. వినేవాళ్ళు నవ్వేవాళ్ళు, గిరీశం ఇరవై రూపాయల సంగతికి నా క్లాసు నవ్వినట్టే.

ఇద్దరూ ఒప్పుకున్న ధరే గదా, ఆయన మాత్రం దాన్ని కిలోల లెక్కన కొనలేదా అని ఒక సహాధ్యాపకుడు వాదించాడు. బజారు న్యాయం ప్రకారం అతని వాదం సబబే. కాని బజారు న్యాయాన్ని మనం ఇతర్ల విషయంలో ఒప్పుకోం. వేలిముద్ర వేసేవాడి చేత ప్రామిసరీ నోటు రాయించుకున్న షావుకారు కూడా ఇద్దరూ ఒప్పుకున్న ధరే అంటాడు. ఆ షావుకారుకు పెట్టుబడి డబ్బు, నాకు అక్షరం. చదువు లేనివాడి చదువు లేకపోవటం మీద లాభం తీసిన విషయంలో ఇద్దరికీ తేడా లేదు. పైగా షావుకారు ఆ సంగతిని సభల్లో గొప్పగా చెప్పుకోడు.

నా సంగతి ఇంతటితో వదిలి ఆటను కూడా విమర్శించవలసి వుంది. దానికి చురుకైన చెంపదెబ్బ కొట్టటం తెలుసు, సమాజాన్ని చూడటం తెలియదు. నేను నాణేలిచ్చిన బిచ్చగాడు ఎన్నిసార్లు వెళ్ళినా అదే గడిలో నించుని వుంటాడు. నా కరుణ పెరుగుతుంది, అతని దరిద్రం తరగదు. రాజు ఎంత మంచివాడో చెప్పేవాళ్ళు అడుగడుగునా వున్నారు, ఇంత మంచి రాజ్యంలో బిచ్చగాళ్ళెందుకున్నారని అడగటానికి ఆటలో మాట లేదు. నా బంగారం చాలావరకు నేను చంపిన భూతాల పెట్టెల్లోంచి వచ్చింది, ఎవరి శ్రమలోంచీ రాలేదు. ఇక జిప్సీ ప్రశ్నలు గుణాన్ని బట్టి వృత్తిని నిర్ణయిస్తాయి: శౌర్యానికి యోధుడు, వినయానికి గొర్రెల కాపరి. అందరిలోకీ బలహీనంగా బయలుదేరేవాడు ఆ కాపరే. గుణాన్ని బట్టి వృత్తి అనే సిద్ధాంతం మన దేశంలో ఎవరికి ఎట్లా అక్కరకొచ్చిందో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కరలేదు. అయితే ఏ వృత్తివాడైనా ఎనిమిది గుణాలూ నేర్చుకుని తీరాలనీ, కాపరి కూడా అవతారం కాగలడనీ అనటంలో ఆట తన సిద్ధాంతాన్ని తానే కొంత సరిదిద్దుకుంది.

1988లో వచ్చిన అయిదో భాగాన్ని నేను కొద్దిగానే చూశాను. అందులో రాజు గల్లంతయి, బ్లాక్‌థార్న్ అనేవాడు అధికారంలోకి వస్తాడు. వాడు ఆ ఎనిమిది గుణాలనే చట్టాలుగా చేస్తాడు. అబద్ధమాడితే నాలుక కోస్తారు. రాబడిలో సగం దానం చెయ్యకపోతే రాబడే లేకుండా చేస్తారు. మొదట అనుభవంగా నేర్పిన నీతే దండనగా మారితే ఎంత భయంకరంగా వుంటుందో ఆ రచయితే చూపించాడు. మన సాహిత్యంలోనూ కొందరు ఈ బ్లాక్‌థార్న్ పని చెయ్యకపోలేదు. ఎదటివాడి నిబద్ధత కొలిచే కత్తెర చేతిలో వున్నవాడు తన బేరాల లెక్క చూసుకోడు.

వ్యక్తి దానధర్మాలతో సమాజం మారదని నేను పాతికేళ్ళ వయసునించీ చెబుతున్నాను. అది నిజమే. కాని ఆ నిజాన్ని నేను దేనికి వాడుకున్నానో ఈ ఆట వల్ల తెలిసింది. వ్యవస్థ మారాలి అనే పెద్దమాట చాటున ఇరవై రూపాయల చిన్నపనిని దాచుకున్నాను. వ్యవస్థ మారేదాకా బేరమాడే హక్కు నాకెవరిచ్చారు? ఆట బిచ్చగాణ్ణి అదే గడిలో వదిలేసింది నిజమే. నేను మాత్రం ఆయన్ను ఎక్కడ వదిలేశాను?

ఆటలో దిద్దుబాటుకు దారి వుంది. ఆ దుకాణానికే వెళ్ళి సరిగా డబ్బిస్తూ వుంటే పోయిన నిజాయితీ మెల్లగా తిరిగొస్తుంది. వెళ్ళాను, ఇచ్చాను. ఒక ఆదివారం ఆబిడ్స్‌కు కూడా వెళ్ళాను. ఆ మూల ఇప్పుడెవరో కుర్రవాడు పోటీపరీక్షల పుస్తకాలు పరుచుకుని కూచున్నాడు. పక్కవాణ్ణి అడిగితే, ఆ చాచా రావటం మానేసి చాలా ఏళ్ళయిందన్నాడు. ఎక్కడుంటాడో తెలియదన్నాడు. జేబులో పెట్టుకెళ్ళిన డబ్బు జేబులోనే వుంది. దారిలో ఎవరికైనా ఇచ్చేద్దామనిపించింది. ఇస్తే పెరిగేది నా అంకె, ఆయన బాకీ తీరదు. ఇవ్వకుండానే తిరిగొచ్చాను.

ఆట ఇంకా పూర్తి చెయ్యలేదు. మా కుర్రవాడు పూర్తిచేశాడట. చివరికి ఏమవుతుందని అడిగాను.

"ఏముంది సార్, మన ప్రపంచానికి మనల్ని వెనక్కి పంపేస్తారు. అక్కడ నేర్చుకున్నట్టు ఇక్కడ బతకమంటారు."

ఆ పుస్తకం నా బీరువాలోనే వుంది. చూడటానికి వచ్చినవాళ్ళు ఎక్కడ దొరికిందని అడుగుతూనే వుంటారు. ఈమధ్య వాళ్ళకు కథంతా చెబుతున్నాను, రెండు పనికిరాని పుస్తకాల సంగతితో సహా. ఇప్పుడెవరూ నవ్వటం లేదు.