ఆర్నెల్లకో అద్దాల జత

చర్ల, దుమ్ముగూడెం వైపు ఆశ్రమ పాఠశాలల నుంచి కంటి పరీక్షకు వచ్చే పిల్లల్లో ఎక్కువమందికి మామూలు అద్దాలు సరిపోతాయి. మైనస్ ఒకటో ఒకటిన్నరో రాసిస్తే పని అయిపోతుంది. పాల్వంచ ప్రాంతంలో చాలాకాలంగా పనిచేస్తున్న ఒక కంటి వైద్యుణ్ని నిలబెట్టేవి వేరే చీటీలు. ఏడేళ్ల పిల్లకు మైనస్ పన్నెండు, ఆర్నెల్ల కిందట తొమ్మిది, అంతకుముందు ఆరు.

ఆ చీటీలు పట్టుకొచ్చింది ఒక కోయ తల్లి. పిల్ల పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుంటేగాని అక్షరం పోల్చుకోలేదు.

"అద్దాలు మారుస్తానే ఉన్నాం సారూ, పిల్లకు మాత్రం ఆనట్లేదు."

మైనస్ ఇంతగా పెరిగిందంటే కనుగుడ్డు పొడవు సాగి ఉండాలి. స్కానింగ్‌లో పొడవు మామూలుగానే ఉంది. మరి ఈ పవరంతా ఎక్కడిది? చుక్కల మందు వేసి, కనుపాప పూర్తిగా విచ్చుకున్నాక సూక్ష్మదర్శినిలో చూస్తే కటకం అంచు చుట్టూరా కనిపించింది. మామూలు కంట్లో ఆ అంచు ఐరిస్ (కనుపాప చుట్టూ ఉండే రంగు పొర) చాటునే ఉండిపోతుంది. పెద్దవాళ్ల కటకం తొమ్మిది, పది మిల్లీమీటర్ల వెడల్పు, నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. ఈ పిల్ల కళ్లలో ఉన్నవి చిన్న గోళీలు. కటకాన్ని చుట్టూ పట్టి లాగే సన్నని దారాలు పుట్టుకతోనే బలహీనమైతే అది చదును కాక గుండ్రంగా ఉండిపోతుంది. మైక్రోస్ఫెరోఫేకియా అంటారు. చాలా అరుదు.

పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసేందుకు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో పుట్టుశుక్లం ఉంది. అందులో కనుపాప తెల్లగా ఉంటుంది కాబట్టి టార్చి వేస్తే అనుమానం వస్తుంది. ఈ గుండ్రటి కటకం స్వచ్ఛంగా ఉంటుంది. టార్చికి దొరకదు.

అసలు భయం చూపు మసకది కాదు, నీటికాసులది. గుండ్రటి కటకం ముందుకు జరిగి కనుపాపను మూసేస్తే లోపలి నీటికి దారి ఉండదు, ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. ఇక్కడే ఒక తిరకాసు ఉంది. నీటికాసులకు వాడే పైలోకార్పిన్ చుక్కలు కనుపాపను ముడుస్తాయి, దారాలను ఇంకా వదులు చేస్తాయి, కటకాన్ని మరింత ముందుకు తోస్తాయి. మామూలుగా మేలుచేసే మందే ఇక్కడ కంటికి చేటు. వీళ్లకు కనుపాపను విప్పే మందే ఉపశమనం.

అందుకే ఆ వైద్యుడు ముందుజాగ్రత్తగా లేజర్‌తో ఐరిస్‌లో చిన్న రంధ్రాలు వేయించాడు, వానలు పడకముందే. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరి, వంతెన మీద రాకపోకలు ఆగిపోయాయి. అలాంటి రాత్రి చర్ల వైపు పిల్లకు కంటినొప్పి వస్తే ఎవరేం చేయగలరు?

తర్వాత ఆయన పిల్ల వేళ్లు చూశాడు, ఎత్తు కొలిచాడు. 1932లో వేల్, 1939లో మార్కెసానీ వర్ణించిన జబ్బులో ఈ గుండ్రటి కటకంతో పాటు పొట్టి వేళ్లు, పొట్టి ఒళ్లు ఉంటాయి. ఈ పిల్లలో అవేమీ లేవు. కటకం దారాలను దెబ్బతీసే మరో పుట్టుజబ్బు హోమోసిస్టినూరియా కూడా లేదని రక్తపరీక్షతో తేల్చుకున్నాకే ఆపరేషన్‌కు హైదరాబాదు పంపాడు. ఆ జబ్బుంటే మత్తు ఇచ్చినప్పుడు రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. కటకాలు తీసేశారు. ఇప్పుడా పిల్ల మైనస్ అద్దాలకు బదులు మందపాటి ప్లస్ అద్దాలు పెట్టుకుని బోర్డు చదువుతోంది.

తల్లిదండ్రులు మేనబావా మరదళ్లు. 2010లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు దగ్గరి చుట్టరికపు పెళ్లిళ్లున్న ఒక భారతీయ కుటుంబంలో ఎల్‌టీబీపీ2 జన్యువులోని లోపమే ఈ జబ్బుకు కారణమని చూపారు. తల్లిదండ్రులిద్దరిలోనూ లోపమున్న జన్యువు ఒక్కోటి ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికం అడవి పల్లెలదే అనుకుంటే పొరపాటు, ఖమ్మం పట్టణంలోనూ తక్కువేం కాదు. అయిపోయిన పెళ్లికి తల్లిని తిట్టి ఏం లాభం? ఆయన అడిగింది ఒక్కటే: "తమ్ముణ్ని తెచ్చావామ్మా?" తేలేదు. వారం తర్వాత తెచ్చింది. వాడి కళ్లలోనూ అవే గోళీలు, కాకపోతే ఒత్తిడి ఇంకా పెరగలేదు.

ఆశ్రమ పాఠశాలల టీచర్లకు, తల్లిదండ్రులకు ఒక మాట: ఏ పిల్లకైనా అద్దాల పవరు ఏడాదిలో రెండుసార్లు ఎక్కిందంటే కొత్త ఫ్రేము కొనడం ఆపి, పాత చీటీలన్నీ పట్టుకుని, తోడబుట్టినవాళ్లను వెంటబెట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. చుక్కల మందు వేసి కటకం చూడమని అడగండి.