గంజి వార్చే చెయ్యి

మా మనవరాలి తొమ్మిదో పుట్టినరోజుకి వచ్చిన పిల్లల్లో ఒకమ్మాయి ఫోర్కుతో గుచ్చబోతే, నేను చేసిన చికెన్ ఉండ పళ్లెంలోంచి జారి, బల్ల మీద దొర్లి, కిందపడింది. పడి ఊరుకుందా, ఒకసారి పైకి ఎగిరింది కూడా. పిల్లలంతా నవ్వారు. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. "బయటినుంచి తెప్పిస్తానంటే విన్నావు కాదమ్మా" అని ఒక్క మాట అని, పిజ్జాకి ఫోన్ చేసింది.

జనవరి నెల, న్యూజెర్సీ. బయట మంచు. పుట్టినరోజుకి ఏం కావాలే అని అడిగితే, "స్పగెట్టీ, మీట్‌బాల్స్. చికెన్‌వి. సాస్ కూడా నువ్వే చెయ్యాలి అమ్మమ్మా" అంది పిల్ల. "ఓస్, కైమా ఉండలూ సేమ్యానేగా!" అన్నాను. తెనాలిలో నలభై ఏళ్లు పొయ్యి దగ్గర నిలబడ్డదాన్ని, సేమ్యాకి జంకుతానా? అమ్మాయి వంటపుస్తకం తెచ్చి ముందుపెడితే, కళ్లజోడు మేడ మీద ఉందని చెప్పి పక్కకి నెట్టాను. కళ్లజోడు నా మెడలోనే వేలాడుతోంది.

తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే తేలిన సంగతేమిటంటే, ఆ రోజు చేతకాక చేసిన తప్పు ఒక్కటీ లేదు. అన్నీ నాకు బాగా వచ్చిన పనులే.

కైమా ఉండలకి మాంసం మెత్తగా నూరాలి, పుట్నాల పొడి కలపాలి, చేతికి అంటుకునేదాకా పిసకాలి. వేటమాంసంలో కొవ్వు ఉంటుంది కాబట్టి ఎంత పిసికినా తట్టుకుంటుంది. నేనేమో కొవ్వన్నదే లేని చికెన్ బ్రెస్ట్ తెప్పించి, మిక్సీలో వెన్నలా తిప్పి, ఉప్పేసి పావుగంట పిసికాను. ఉప్పు తగిలిన మాంసాన్ని పిసికేకొద్దీ అందులోని ప్రోటీన్లు బయటికొచ్చి ఒకదాన్నొకటి అల్లుకుంటాయి. వేడి తగిలాక బిగుసుకుపోయి, లోపలి నీటిని బయటికి పిండేస్తాయి. మిగిలిన కాస్త తడినీ పుట్నాల పొడి తాగేసింది.

ఆపైన గారెల అలవాటొకటి. గారె రంగు తిరిగితే ఉడికినట్టే. అలాగే ఉండల్ని ఎర్రగా వేయించి ఒకటి తుంచి చూద్దును కదా, లోపల గులాబీ రంగు, జిగురు. ఊరివాళ్ల పిల్లలకి పచ్చి చికెన్ పెట్టబోయానని గుండె ఝల్లుమంది. ఆ భయంతో సాస్‌లో వేసి ముప్పావుగంట ఉడకబెట్టాను. పచ్చిగా ఉన్నవి రాళ్లయ్యాయి. వంటగది సొరుగులో మాంసానికి గుచ్చి చూసే థర్మామీటర్ ఉంది. మధ్యలో 74 డిగ్రీల సెల్సియస్ చూపిస్తే చాలు, కోడిమాంసం ఉడికినట్టే. మేకులాంటిదేదో అనుకుని రోజూ దాన్ని పక్కకి జరిపి గరిటె తీసుకునేదాన్ని.

సాస్ సంగతి చెప్పాలంటే ఇంకా సిగ్గు. డబ్బా టమాటాలు అలమారాలో ఉన్నాయి. "డబ్బావి తింటామా ఏమిటి" అని ముఖం చిట్లించి, నడి చలికాలంలో తాజా టమాటాలు తెప్పించాను. తీరా చూస్తే అవి కాయగా కోసి, దారిలో ఎరుపెక్కించినవి. రంగే గానీ రుచి లేదు. డబ్బాలోవి ఎండాకాలపు పంట, పండాక కోసి అప్పుడే కట్టేసినవి. తాజా అన్న మాటకి మోసపోయాను. పులుపు లేదని చింతపండు పిసికాను, చప్పగా ఉందని కారం వేశాను, వాసన రాలేదని అల్లం వెల్లుల్లి, చివరికి తిరగమోత. ఆవాలు చిటపటలాడుతుంటే మనవరాలు వంటగది గుమ్మంలో నిలబడి చూస్తోంది. అప్పటికైనా నాకు తట్టలేదు.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక కళ్లజోడు పెట్టుకుని పుస్తకం తెరిచాను. మార్సెల్లా హజాన్ అనే ఆవిడ రాసిన పుస్తకం. ఇటలీలో పుట్టి, పెళ్లయ్యాక న్యూయార్క్ వచ్చి, అక్కడివాళ్లకి తమ వంట నేర్పిన మనిషి. ఆవిడ టమాటా సాస్‌లో ఉన్నవి నాలుగే: ఇంచుమించు 800 గ్రాముల టమాటాలు, 70 గ్రాముల వెన్న, రెండు చెక్కలు చేసిన ఉల్లిపాయ, ఉప్పు. సన్న సెగ మీద ముప్పావుగంట. వెల్లుల్లి లేదు, మిరియం లేదు. ఉల్లిపాయని చివర్న తీసేయమంది. (రెండోసారి చేసినప్పుడు తీశాను గానీ పారెయ్యడానికి ప్రాణం ఒప్పలేదు. ఉప్పు చల్లుకుని తినేశాను. ఆ పూటకి అదే గొప్ప వంటకం.)

స్పగెట్టీ మీద ఉండలు పెట్టడం అమెరికాకి వలసొచ్చిన దక్షిణ ఇటలీవాళ్ల అలవాటట. ఇటలీలో ఉండల్ని ఎక్కువగా విడిగానే తింటారు. అబ్రుజ్జో ప్రాంతంలోని తెరామో వైపు మాత్రం శనగగింజంత ఉండలు చేసి పాస్తాలో కలుపుతారు. సముద్రం దాటినవాళ్లు వాళ్లూ మార్చుకున్నారుగా అని సర్దిచెప్పుకోబోయాను. వాళ్లు పాత వంట తెలిసి మార్చారు. నేను తెలుసుకోకుండానే మార్చాను.

రెండోసారి తొడమాంసం కైమా తెచ్చాను. అరకిలోకి రెండు బ్రెడ్డు ముక్కలు పాలలో నానబెట్టి చిదిపి, ఉప్పు, గుప్పెడు చీజ్ తురుము, కొత్తిమీరలాంటి ఆ పార్స్లీ వేసి, వేళ్ల కొసలతో కలిసీ కలవనట్టు కలిపాను. నానిన బ్రెడ్డు తడిని పట్టి ఉంచుతుంది, మాంసం బిగుసుకోనివ్వదు. నా చేతులు ఇంకా పిసుకుదామనే అన్నాయి. చెయ్యి తడి చేసుకుని నిమ్మకాయంత ఉండలు కట్టి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, పైపైన రంగు రానిచ్చి, మరుగుతున్న సాస్‌లోకి వదిలాను. పదినిమిషాలు పోనిచ్చి ఆ మేకు గుచ్చాను.

ఇక పాస్తా. అన్నిట్లోకీ నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. మొదటిసారి మెత్తగా ఉడికించి, సింకులో వార్చి, అంటుకోకుండా చన్నీళ్లతో కడిగి, పైన నూనె రాశాను. సాస్ దాని మీద నిలవక పళ్లెం అడుక్కి జారిపోయింది. పాస్తా ఉడికిన నీళ్లలో ఉండేది పిండే, అంటే గంజే. పొట్లం మీద రాసిన సమయానికి రెండు నిమిషాల ముందే తీసి సాస్‌లో వేసి, ఒక గ్లాసు ఆ నీళ్లు పోసి తిప్పితే, సాస్ చిక్కబడి ప్రతి పోగునీ పట్టుకుంటుంది. నలభై ఏళ్లు నేత చీరలకి గంజి పెట్టినదాన్ని. గంజి దేన్ని పట్టి ఉంచుతుందో నాకొకరు చెప్పాలా?

ఇప్పుడు నెలకి రెండుసార్లయినా చేస్తున్నాను. ఉండలు ఎగరడం లేదు. గిన్నె దించగానే చెయ్యి మాత్రం ఇప్పటికీ సింకు వైపే పోతుంది. అందుకని ముందే ఒక స్టీలు గ్లాసు సింకు మధ్యలో, జల్లెడ కింద నిలబెట్టి ఉంచుతున్నాను.