ఒక్క పిలుపుతో రెండు మెట్లు దించేశా!

సియోల్ గంగ్నమ్‌లో షిన్‌బుండాంగ్ లైన్ ఎక్కితే నాలుగో స్టాప్ పాంగ్యో. డ్రైవర్ లేని రైలు, పావుగంట ప్రయాణం. దిగి పైకొస్తే అచ్చం మన మాదాపూర్‌లా ఉంటుంది: అద్దాల బిల్డింగులు, మెడలో ఐడీ కార్డులు, చేతిలో కాఫీ. కాకపోతే నేను వెళ్లింది నవంబర్‌లో. చలికి చెవులు ఊడిపోతాయేమో అనిపిస్తుంటే అక్కడివాళ్లు తాగేది ఐస్ అమెరికానో!

ఆఫీస్ పని మీద మూడు నెలలు ఉండాలి. వెళ్లేముందే హంగుల్ 24 అక్షరాలూ నేర్చేసుకున్నా. చదవడం వస్తే చాల్లే అనుకున్నా.

మొదటి వారమే మీటింగ్. ఎదురుగా యాభై దాటిన పెద్దాయన. నాకు కావాల్సిన సర్వర్ యాక్సెస్‌కి అప్రూవల్ ఇవ్వాల్సింది ఆయనే. యాప్‌లో నేర్చుకున్న ఒకే ఒక్క పదవి పేరు తీసి వాడేశా: "గ్వాజాంగ్‌నిమ్". గదంతా సైలెంట్. ఆయన చిన్నగా నవ్వి స్క్రీన్ వైపు తిరిగారు. ఆ తర్వాత నా ప్రశ్నలన్నిటికీ రెండు ముక్కల్లోనే జవాబు. యాక్సెస్ మాటే లేదు.

లంచ్‌లో నా పక్క సీటతను టిష్యూ పేపర్ మీద నిచ్చెన గీశాడు. అడుగున సావన్, పైన డేరి, గ్వాజాంగ్, చాజాంగ్, బుజాంగ్. ఆపైన డైరెక్టర్లు, అందరికీ పైన సాజాంగ్. "ఆయన బుజాంగ్. నువ్వు రెండు మెట్లు దించేశావ్" అన్నాడు. నాకు ముద్ద దిగలేదు.

'జాంగ్' అంటే పెద్ద. సేనాపతి, కులపతిలో మన 'పతి' లాంటిదే. గ్వా అంటే సెక్షన్, బు అంటే డిపార్ట్‌మెంట్. క్లాస్ లీడర్ బాన్‌జాంగ్, ఊరి పెద్ద ఈజాంగ్. చివర్లో 'నిమ్' మన 'గారు'. మనం పేరుకి గారు తగిలిస్తే మర్యాద అయిపోతుంది. అక్కడ పైవాళ్లని పేరుతో పిలవడమే తప్పు. పదవితోనే పిలవాలి, మహా అయితే ముందు ఇంటిపేరు. ఆ ఇంటిపేరు కూడా ఐదుగురిలో ఒకరికి కిమ్మే! డేరి అంటే ఇంకొకరి బదులు పనిచేసేవాడని అర్థం. మందు కొట్టినవాళ్ల కారు నడిపి ఇంట్లో దింపే డ్రైవర్‌ సర్వీస్‌నీ డేరి అనే అంటారు.

అందరినీ 'బ్రో' అనే ఆఫీస్ నుంచి వెళ్లిన నాకు మొదట చిరాకేసింది. అక్కడా మారుతోందిలెండి. శాంసంగ్ ఎలక్ట్రానిక్స్ 2017లో మెట్లు తగ్గించి, పేరు పక్కన 'నిమ్' చాలంది. పాంగ్యోలోనే ఉన్న కకావోలో ఇంగ్లిష్ పేర్లు పెట్టుకుని పిలుచుకుంటారు. మా టీమ్‌కి ఆ గాలి ఇంకా తగల్లేదు.

కానీ ఆఫీస్ వెనక సందులో కిమ్చీ జ్జిగే హోటల్ చూశాక చిరాకు కొంచెం తగ్గింది. నాలుగే టేబుళ్లు. వండేదీ వడ్డించేదీ ఒకే ఆవిడ. అందరూ ఆవిణ్ని పిలిచేది 'సాజాంగ్‌నిమ్' అని! నిచ్చెన చివరి మెట్టు, ఉచితంగా. ఆవిడ నన్ను 'చొంగ్‌గక్' అనేది. అంటే పెళ్లికాని కుర్రాడా అని. ఇంటి దగ్గర అమ్మ రోజూ ఫోన్‌లో గుర్తుచేసేది చాలదన్నట్టు.

మర్నాడు పొద్దున్నే కాఫీ పట్టుకుని పెద్దాయన సీటు దగ్గర నిలబడ్డా. "బుజాంగ్‌నిమ్, చ్వేసొంగ్‌హమ్నిదా." రాత్రంతా ప్రాక్టీస్ చేసిన సారీ అది. ఆయన కాఫీ అందుకుని, "పర్లేదు, పదేళ్లు వయసు తగ్గించావ్" అన్నారు. మధ్యాహ్నానికి యాక్సెస్ వచ్చింది.

జనవరిలో ప్రమోషన్ల లిస్టొచ్చింది. టిష్యూ మీద నిచ్చెన గీసిన మన డేరి పేరుంది. అందరికంటే ముందు నేనే వెళ్లి, "గ్వాజాంగ్‌నిమ్!" అని పిలిచా. అతను ఎవర్నో అనుకుని వెనక్కి తిరిగి చూశాడు.