అడిగితే ఎత్తే గేటు మంచి గేటు కాదు

ఈసారి పోస్టు వడ్ల ధర గురించి కాదు, యూరియా గురించి కాదు. రైల్వే గేటు గురించి. జర పెద్దగుంది, ఓపికతో చదవండి. పట్టాలకు అవతల పొలం ఉన్నోళ్లు తప్పకుండా చదవండి.

మొన్న మా ఊరి గేటు కాడ లొల్లి అయింది. వడ్ల ట్రాక్టర్లు అటు నాలుగు, ఇటు రెండు. ఒక రైలు పోయింది, ఇంకోటి ఉందని గేటు లేవలేదు. "రైలు కనబడ్తలేదు కదా, ఎత్తవయ్యా" అని మనోళ్లు గేట్‌మ్యాన్ మీదికి పోయిండ్రు. "నా చేతిల లేదన్నా" అన్నడు పాపం. ఎవరూ నమ్మలేదు. ఒకాయన అయితే "మూడు కిలోమీటర్ల అవతలి గేటే మంచిది, అడిగితే ఎత్తుతడు" అన్నడు. ఆ మాట విన్నప్పటి నుంచి మనసు మనసుల లేదు. అందుకే రాస్తున్నా.

మా గేటుకు ఇంటర్‌లాకింగ్ ఉంది. అంటే గేటుకు, రైలు సిగ్నల్‌కు ముడి వేసి ఉంటది. గేటు పూర్తిగా పడి తాళం పడితేనే రైలుకు పచ్చ లైటు వస్తది. పచ్చ లైటు ఇచ్చినంక రైలు దాటేదాకా మామూలుగా గేటు లేవదు. ఎవరన్నా బండితో గుద్ది గేటు విరగ్గొడితే సిగ్నల్ పడదు, రైలే ఆగాల్సి వస్తది. గేట్‌మ్యాన్ "నా చేతిల లేదు" అన్నది నూటికి నూరుపాళ్లు నిజం.

అవతలి గేటుకు ఆ ముడి లేదు. అక్కడ స్టేషన్ మాస్టర్ ఫోన్ చేస్తడు, గేట్‌మ్యాన్ గేటు వేసి, వేసిన అని ఒక నంబరు చెప్తడు. అంతా మాట మీద నడిచే పని. నిద్ర పట్టినా, మాట తప్పుగా వినబడినా, పదిమంది మీదపడి ఎత్తమన్నా ఆపేది ఏదీ లేదు. మన పిల్లల స్కూలు ఆటోలు రోజూ పోయేది ఆ గేటు మీదనుంచే.

2014 జులైలో మన మెదక్ దిక్కు మాసాయిపేటలో ఏం జరిగిందో మర్చిపోలేదు కదా. కాపలా లేని గేటు కాడ స్కూలు బస్సును రైలు గుద్దింది, పదిమందికి పైగా పసిపిల్లలు పోయిండ్రు. 2019 జనవరి కల్లా బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లన్నీ తీసేశామని రైల్వే చెప్పింది. మంచి పనే. కానీ మనిషి ఉంటే సరిపోతదా? 2025 జులై 8న తమిళనాడులో కడలూరు కాడ స్కూలు వ్యానును రైలు గుద్ది ముగ్గురు పిల్లలు చనిపోయిండ్రు. అక్కడ గేటు ఉంది, గేట్‌మ్యాన్ ఉన్నడు. వ్యాను పట్టాల మీదికి వచ్చేటప్పటికి గేటు మూసి లేదు. లేనిది ఇంటర్‌లాకింగే.

"రైలు కనబడ్తలేదు" అనే మాట లెక్క చూద్దాం. గంటకు 110 కిలోమీటర్ల మీద వచ్చే రైలు సెకనుకు 30 మీటర్లు వస్తది. రెండు నిమిషాల దూరంలో ఉన్న రైలు మూడున్నర కిలోమీటర్ల అవతల ఉంటది, కంటికి ఎట్ల కనబడ్తది? లోడు ట్రాలీతో మన ట్రాక్టరు రెండు లైన్లు దాటాలంటే ఎంత లేదన్నా 20 సెకన్లు. ఆ 20 సెకన్లలో రైలు 600 మీటర్లు వచ్చేస్తది. బ్రేకు వేసినా ఆ దూరంలో ఆగదు.

కడలూరు తర్వాత రైల్వే ఒక నిర్ణయం తీసుకుంది. ఇంతకుముందు 20,000 లెక్క దాటిన గేట్లకు ఇంటర్‌లాకింగ్ అనేవాళ్లు, దాన్ని 10,000కు దించిండ్రు. ఈ లెక్కను టీవీయూ అంటరు. రోజుకు పోయే రైళ్లను, దాటే బండ్లతో గుణిస్తరు. 50 రైళ్లు, 200 బండ్లు అయితే 10,000. ఇక్కడే మన రైతులు గట్టిగా అడగాల్సింది ఉంది. ఆ బండ్ల లెక్క ఎప్పుడు తీసిండ్రు? కోతలప్పుడు మన గేటు మీద పోయే ట్రాక్టర్లు, హార్వెస్టర్లు, గడ్డి బండ్లు ఎన్ని? ఎండాకాలం పోయేవి ఎన్ని? ఏప్రిల్ ఆఖరున, మే నెలల లెక్క తీస్తే మనం లెక్కలకే రాము.

గేటు తీసేసి కింద నుంచి దారి ఇస్తమంటే తొందరపడి ఊ అనకండి. 2022 జులైలో మహబూబ్‌నగర్ జిల్లాలో రైల్వే బ్రిడ్జి కింద వాన నీళ్లల్ల స్కూలు బస్సు ఇరుక్కుంటే పిల్లల్ని బయటికి తీయాల్సి వచ్చింది. నీళ్లు పోయే కాలువ ఎక్కడ, హార్వెస్టరు పట్టేంత ఎత్తు ఉంటదా అని ముందే అడగాలి.

నేను అనుకున్నది ఇది. వడ్ల సీజన్ అయిపోయేలోపు మన యువకులు నలుగురు వంతులు వేసుకొని ఒక వారం అవతలి గేటు కాడ బండ్లు లెక్క రాయాలి. దాన్ని గ్రామసభ తీర్మానంతో, బోర్డు మీదున్న గేటు నంబరుతో కలిపి డీఆర్ఎం ఆఫీసుకు, ఎంపీ గారికి ఇద్దాం. నోట్‌బుక్కు నేను కొంటా. మొదటి రోజు పొద్దున డ్యూటీ కూడా నాదే. వచ్చేటోళ్లు కింద పేరు రాయండి.

అప్పటిదాకా ఒక్కటే మాట. గేటు పడితే ఇంజను బంద్ చేసి కూసుందాం. ఆ పిల్లగాన్ని ఎత్తమని అడగొద్దు.